నగరములు – క్రైస్తవమత వ్యాప్తి



మన తెలుగు జిల్లాలలో అనేక గ్రామములందు ఊరి చివరివాడలో చిన్న ప్రార్థనమందిర మొకటి కానవచ్చును. పెంకులో రేకులో కప్పిన ఇల్లు, ముందొక గంట, ప్రక్కనొక వేపచెట్టు. దానిని నిత్యము చూచుచుండు మనకు క్రైస్తవమతము పల్లెలలో పుట్టి పల్లెలలోనే పెరిగిన మతమని తోచుట సహజము. చరిత్ర చెప్పు మాట వేఱు. ఆ మతము పల్లెసీమలో మొలకెత్తిన మాట నిజమే కాని, తొలి మూడు నాలుగు శతాబ్దములు దానికి నీరుపోసి పెంచినవి రేవుపట్టణములు, రాజధానులు, బజారువీథులు. లాటిను భాషలో 'పల్లెవాడు' అను నర్థముగల మాటయే కాలక్రమమున 'క్రైస్తవుడు కానివాడు' అను నర్థమున వాడుకకు వచ్చెననిన, ఆ మతమునకు నగరముతో నెంత పొత్తు కుదిరెనో ఊహింపవచ్చును. నగరము దానికి ఏమి యిచ్చెను? పల్లె ఏల వెనుకబడెను? మన దేశమునకు వచ్చుసరికి ఆ కథ ఏల తలక్రిందులయ్యెను? ఈ సంగతులను నేడు విచారింతము.

యేసు పెరిగిన నజరేతు గలిలయ సీమలోని చిన్న పల్లె. ఆయన చెప్పిన కథలలో విత్తనములు చల్లు కాపు, తప్పిపోయిన గొఱ్ఱెను వెదకు కాపరి, ద్రాక్షతోటలోని కూలివారు, ఆవగింజ, పులిసిన పిండి, ఇట్టివే తఱచుగ కనబడును. నజరేతునకు రెండు క్రోసుల దూరముననే సెప్ఫోరిస్ అను సంపన్నమైన పట్టణముండెను. గలిలయ సముద్రపుటొడ్డున హేరోదు అంతిప కట్టించిన తిబెరియ యను మఱియొక పట్టణముండెను. ఆయన ఈ రెంటిలో దేనియందైనను అడుగుపెట్టినట్లు నాలుగు సువార్తలలో నొక్కటియు చెప్పదు. సెప్ఫోరిస్ పేరైనను వానిలో లేదు.

ఆయన మరణించిన యిరువదియేండ్లు కాబోలు గడచుసరికి పౌలు లేఖలు వ్రాయ మొదలిడెను. ఆ లేఖలలో పొలము పూర్తిగ పోలేదు గాని వెనుకకు జరిగెను. పందెపు పరుగు, ముష్టియుద్ధము, సైనికుని కవచము, పునాదివేయు మేస్త్రీ, అంగడిలో అమ్ము మాంసము, బేరమున కిచ్చు సంచకరువు ముందునకు వచ్చెను. ఒక్క తరము గడువకముందే బోధకుని నోట పల్లెమాట పోయి పట్టణపు మాట నిలిచెను. పౌలు తార్సు పట్టణమున పుట్టినవాడు. అతని లేఖలు చేరిన తావులు చూడుడు: రోము, కొరింథు, ఫిలిప్పీ, థెస్సలొనీక. గలతీయులకు వ్రాసిన దొక్కటి మాత్రము ఒక సీమపేరిట నున్నది.

'క్రైస్తవులు' అను పేరుకూడ నగరమునందే పుట్టెను. సిరియాకు రాజధానియైన అంతియొకయ ఆ కాలమున రోము, అలెగ్జాండ్రియాల తరువాత ఎన్నదగిన మహానగరము. ఆ పేరు మొట్టమొదట అక్కడనే పెట్టబడెనని అపొస్తలుల కార్యములు చెప్పును. అంతకుముందు వారు యూదులలో నొక శాఖగా నుండిరి. అంతియొకయలో యూదులును గ్రీకులును ఒకే బల్లయొద్ద కూర్చుండి భుజింప నారంభింపగా, వీరిని ఏ జాతిలో లెక్కింపవలెనో తెలియక నగరజనులు క్రొత్తపేరు కల్పించిరి కాబోలు. సహపంక్తిభోజన మెంత తగవు తెచ్చునో మీకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. అక్కడను తెచ్చెను. పేతురంతటివాడు ఆ పంక్తినుండి వెనుకకు తగ్గగా పౌలు అందఱియెదుట అతనిని నిలదీసెను.

కొరింథు సంగతి కొంత విపులముగ చెప్పవలెను. గ్రీసుదేశపు దక్షిణభాగమును ఉత్తరభాగముతో కలుపు సన్నని నేల యొకటి కలదు. దాని వెడల్పు అతి సన్నని చోట రెండు క్రోసులు. దానికి చేరువనే కొరింథు పట్టణము. పడమట లెకాయమను రేవు, తూర్పున కెంక్రేయ యను రేవు. దక్షిణాగ్రమును చుట్టిపోవు సముద్రమార్గము మిక్కిలి ప్రమాదకరమగుటచే వర్తకులు సరకులను ఒక రేవున దింపి మఱియొక రేవునకు మోయించెడివారు. చిన్న నావలను లాగుటకు ఱాళ్లు పఱచిన బాటకూడ నుండెను. ఈ పట్టణమును రోమనులు క్రీస్తుపూర్వము 146లో నేలమట్టము చేసిరి. నూఱేండ్లకుపైగ పాడుపడియున్న దానిని 44లో జూలియసు సీజరు మఱల కట్టించి, దాస్యమునుండి విడుదలపొందినవారిని పెక్కుమందిని అందు కాపురముంచెను. కావున పౌలు చూచిన కొరింథు పేరు పాతదైనను జనము క్రొత్తది. అచ్చట తాతముత్తాతల పేరుచెప్పి పెత్తనము చేయు కుటుంబములు తక్కువ. ఎవరి పెద్దఱికమైనను వారు సంపాదించుకొన్నదే.

49 ప్రాంతమున క్లౌదియ చక్రవర్తి యూదులను రోమునుండి వెడలిపొమ్మనగా, అకుల, ప్రిస్కిల్ల యను దంపతులు కొరింథునకు వచ్చి డేరాలు కుట్టు పనిచేయుచు బ్రదుకుచుండిరి. పౌలుదియు అదే వృత్తి. అతడు వారి యింటనే దిగి, వారితోకూడ పనిచేసి కూలి సంపాదించుచు పదునెనిమిది నెలలు అక్కడ నుండెను. అకయ సీమకు గల్లియోను అధికారిగ నున్న కాలమది. డెల్ఫీ క్షేత్రమున దొరకిన శాసనమునుబట్టి ఆ అధికారి కాలము 51–52 అని నిర్ణయింపబడినది. పౌలు జీవితమున ఇంత నిక్కముగ తేదీ తెలిసిన ఘట్టము మఱియొకటి లేదు.

డేరాలు కుట్టు దుకాణమును మనస్సున నిలుపుకొని చూడుడు. నావికుడు వచ్చును, బండ్లవాడు వచ్చును, రేవుకూలి నీడకు కూర్చుండును. సూది ఆడుచుండగ మాటయు ఆడును. ఒకరేవున ఆ మాట విని ఓడయెక్కినవాడు ఇంకొకరేవున దానితోనే దిగును. పౌలు రోమువారికి వ్రాసిన లేఖను కెంక్రేయ సంఘసేవకురాలైన ఫీబే తీసికొనిపోయినట్లు పండితులు తలంతురు. ఇట్టి సౌకర్యము ఏ పల్లెకు కలదు? రోమనులు సైన్యములకొఱకు వేసిన రాజమార్గములును ఇట్లే యుపయోగపడెను. ఆద్రియ సముద్రతీరమునుండి తూర్పునకు సాగిన ఎగ్నాటియా మార్గముమీదనే ఫిలిప్పీయు థెస్సలొనీకయు నున్నవి. ఫిలిప్పీలో పౌలు మాటను మొదట విన్న లూదియ యను స్త్రీ, ఎక్కడనో ఆసియాలోని తుయతైరనుండి వచ్చి ఊదారంగు బట్టలమ్ము వర్తకురాలు. ఆమెయు పరవూరి మనిషియే.

అయితే నగరసంఘములు నిర్దోషములని చెప్పరాదు. కొరింథులో కలవారు ముందుగ వచ్చి కడుపునిండ తిని త్రాగుచుండ, ప్రొద్దుగ్రుంకువఱకు పనిచేసి వచ్చు పేదలకు సామూహిక భోజనమున మిగులున దుండెడిది కాదు. పౌలు ఆ సంఘమును గట్టిగ మందలించిన విషయములలో నిది యొకటి.

మార్గములు, రేవులు మాత్రమే కారణమనుకొన్నచో నగరముయొక్క అసలు ప్రాధాన్యము మనకు పట్టుపడదు. పల్లెలో విధవరాలికి మఱదియో మేనమామయో ఉండును. జబ్బుపడినవానికి గంజి కాచిపోయు పొరుగుండును. చచ్చినవానిని మోయుటకు నలుగురు దొరకుదురు. నగరమునకు పొట్టచేతబట్టుకొని వచ్చినవానికి వీరిలో ఎవ్వరును లేరు. ఆ లోటునందే సంఘము వేరూనెను. 251లో రోము బిషప్పైన కొర్నేలి వ్రాసిన లేఖయొకటి నిలిచియున్నది. అతని సంఘమున 46 మంది గురువులు, 7 గురు పరిచారకులు ఉండిరనియు, 1500 మందికి మించిన విధవలును దిక్కులేనివారును ఆ సంఘముచే పోషింపబడుచుండిరనియు అందు లెక్కవ్రాసెను. అప్పటికి ఆ మతము నిషిద్ధము. అంతకు ముందు సంవత్సరమే దాని యనుచరులను పట్టి శిక్షించిరి. అట్టి సంఘము నెలనెలకు 1500 మందికి కూడుపెట్టుట సామాన్యమైన మాట కాదు. నేను ఆ కాలపు దేవాలయములను, వాదప్రతివాదములనుగూర్చి ఎన్ని చదివినను ఈ యొక్క లెక్కయే ఎక్కువ సంగతి చెప్పినట్లు తోచును.

ఆ దశాబ్దముననే మహామారి యొకటి సామ్రాజ్యమంతట వ్యాపించెను. అలెగ్జాండ్రియాలో రోగులను బంధువులే వీథులలోనికి నెట్టిరనియు, క్రైస్తవులు వారిని సేవించి తామును చచ్చిరనియు అచ్చటి బిషప్పు దియొనీసియు వ్రాసెను. తనవారిని పొగడుకొను మాటగనుక కొంత తగ్గించి వినవలెను. అయినను ఎదిరిపక్షమువారే దీనికి సాక్ష్యమిచ్చిరి. పాతమతమును మఱల నిలుపబూనిన జూలియను చక్రవర్తి పేరిట నున్న లేఖలో, వీరు తమ పేదలనే కాక మన పేదలనుకూడ పోషించుచున్నారు, మనకిది సిగ్గు అను భావము కలదు. ఆ తరువాత కొలది సంవత్సరములకు, 369లో కప్పదొకియలో ఘోరమైన కఱవు రాగా, కైసరయ పట్టణమున బాసిలు ధనికుల కొట్లు తెఱపించి గంజిదొడ్లు పెట్టించెను. పిదప పట్టణపు వెలుపల రోగులకును కుష్ఠువ్యాధిగ్రస్తులకును బాటసారులకును శాలలు కట్టించెను. లోకమున ఆసుపత్రుల చరిత్ర వ్రాయువారు దీనిని మొదటివానిలో నొకటిగ చెప్పుదురు.

ఇంతవఱకు నగరముయొక్క మేలు చెప్పితిని. ఇక పల్లె మాట.

112 ప్రాంతమున నల్లసముద్రపు దక్షిణతీర సీమను పాలించుచుండిన ప్లినీ యను అధికారి, ఈ మతము పట్టణములలోనే కాక పల్లెలకును పొలములకును ప్రాకినదని చక్రవర్తికి విన్నవించుకొనెను. కావున పల్లెలు పూర్తిగ దూరముగ నుండెనని చెప్పరాదు. కాని అది అరుదు. బోధకులు మాటాడునది గ్రీకు, లేదా లాటిను. పల్లెజనము మాటాడునది వేఱు. పౌలు బర్నబాలు లుస్త్రయను చిన్న పట్టణమునకు పోయినపుడు అచ్చటి జనులు తమ లుకవోనియ భాషలో కేకలు వేయుచు వారిని దేవతలుగ నెంచి, ఎడ్లను బలియీయ సిద్ధపడిరి. ఆ బలి సన్నాహమును చూచువఱకు సంగతేమో వీరికి బోధపడినట్లు లేదు.

మొదట చెప్పిన లాటిను మాట 'పాగానుస్'. దానికి మొదటి యర్థము పల్లెవాడు. నాలుగవ శతాబ్దమున క్రైస్తవులు దానిని అన్యమతస్థునికి వాడసాగిరి. ఇందుకు కారణము పల్లెలు పాతమతమును విడువకుండుటయే యని కొందఱును, ఆ మాటకు 'సైనికుడు కాని సామాన్యుడు' అనికూడ నర్థముండుటవలన నని మఱికొందఱును వాదింతురు. వాద మెట్లున్నను ఆ మాటలోని చులకన మాత్రము మనకు క్రొత్తకాదు. మన వైయాకరణులు మాత్రము తప్పుమాటకు ఏమి పేరు పెట్టిరి? 'గ్రామ్యము' అనియే కదా! 343లో, నేటి బల్గేరియా రాజధానియైన సోఫియా పట్టణమున, కూడిన సభ యింకొక యడుగు ముందునకు వేసెను. పల్లెకుగాని, ఒక్క గురువు చాలునట్టి చిన్న పట్టణమునకుగాని బిషప్పును నియమింపరాదు, బిషప్పు పేరును అధికారమును చులకనయగునని తీర్మానించెను. 371 మొదలు గాల్ దేశమున, అనగా నేటి ఫ్రాన్సులో, తూర్ పట్టణపు బిషప్పు మార్టిను పల్లెల వెంబడి తిరిగెను. అయితే పోయినచోట గుడులు కూల్చి పూజవృక్షములను నఱికించెనని అతని చరిత్ర వ్రాసిన శిష్యుడే పొగడుచు చెప్పెను. ఆ పొగడ్తలో పల్లెజనుల దుఃఖమునకు చోటులేదు.

నగరము పంపిన మనిషి పల్లెకు ఏమి చేయగలడో తెలుపు కథ యొకటి ఆఫ్రికాలో జరిగెను. నేటి అల్జీరియా తీరమున హిప్పో యను రేవుపట్టణము కలదు. ఆ పట్టణపు బిషప్పు అగస్టీను ఆ కాలపు మహాపండితుడు. హిప్పోకు 40 మైళ్ల దూరమున ఫుస్సాల యను గ్రామము. అక్కడివారు వేఱొక శాఖను అనుసరించువారు, ప్యూనిక్ భాష మాటాడువారు. అగస్టీను పంపిన గురువులలో కొందఱు దెబ్బలు తినిరి, కొందఱు ప్రాణములు గోల్పోయిరి. తుదకు ఫుస్సాలకు బిషప్పునే యిచ్చుట మేలని తలచి, ప్యూనిక్ తెలిసిన గురువు నొకనిని సిద్ధపఱచి, అభిషేకము చేయుటకు దూరమునుండి వృద్ధుడైన పెద్దబిషప్పును పిలిపించెను. ఆయన వచ్చి కూర్చున్న పిదప సిద్ధపఱచిన గురువు నేనొల్లనని తప్పుకొనెను. వృద్ధుని వట్టిచేతులతో త్రిప్పిపంపుటకు మొగమాటపడి, చిన్ననాటనుండి తన మఠమున పెరిగిన అంతోనిను అను యువకుని అగస్టీను అప్పటికప్పుడు ముందునకు త్రోసెను. అతనికి ఇరువదియేండ్లు దాటి ఎంతోకాలము కాలేదు. తెలిసిన దొక్కటే: ప్యూనిక్ భాష.

ఆ యువకుడు పల్లెను దోచుకొనెను. జనులు పోగొట్టుకొన్నవానిని అగస్టీనే వరుసగ వ్రాసెను: డబ్బు, సామాను, బట్టలు, పశువులు, పంట, కలప, తుదకు ఱాళ్లు. గ్రామస్థులు హిప్పోకు వచ్చి మొఱపెట్టుకొనిరి. బిషప్పుల సభ కూడి అతనిని ఫుస్సాలనుండి తొలగించెను గాని, బిషప్పు పదవిని మాత్రము తీసివేయలేదు. అతడు రోమునకు పోయి మఱల నాకు ఆ యూరే యిప్పింపుడని వ్యాజ్యెము పెట్టెను. ఆ ప్రాంతమున నొక భూస్వామిని మాన్యముననుండు రైతులు, అతనిని మామీద పెట్టినచో మేము ఊరు విడిచిపోదుమని ఆమెకు వర్తమానము పంపిరి. 422 తరువాత కొంతకాలమునకు అగస్టీను రోము బిషప్పునకు లేఖవ్రాసి, ఈ తప్పు నాది, ఆ జనులమీద ఇతనిని బలాత్కారముగ రుద్దుదురేని నేను నా పదవిని వదలుకొందును అను నర్థము వచ్చునట్లు ప్రార్థించెను. ఈ కథను విపులముగ తెలుపు మఱియొక లేఖ శతాబ్దములపాటు మఱుగునబడి 1981లో అచ్చుపడెను. గ్రామస్థుల మొఱను ఒక మహాపండితుడు ఇంత సిగ్గుతో వ్రాసికొనిన పత్రము ప్రాచీనకాలమున మఱియొకటి నాకు కనబడలేదు.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. ఐరోపానుండి వచ్చిన మిషనరీలు పౌలు మార్గమునే పట్టి మొదట రేవులలోను పట్టణములలోను దిగిరి. జర్మనుదేశస్థుడు బెంజమిను షుల్జు చెన్నపట్టణమున తెలుగు నేర్చి, 1746–47లో హాలె పట్టణమున తెలుగులిపిలో చిన్న పుస్తకములు అచ్చువేయించెను. 1805లో క్రాను, డెగ్రాంజి అను ఆంగ్లేయ మిషనరీలు విశాఖపట్టణము చేరి, ఆనందరాయరను బ్రాహ్మణుని సాయమున సువార్తలను తెనిగింప బూనుకొనిరి. 1841లో రాబర్టు నోబులు బందరునకు వచ్చి రెండేండ్లకు పాఠశాల తెఱచెను. పట్టణమందలి అగ్రవర్ణముల బాలురకు విద్య చెప్పినచో వారినుండి ఆ బోధ క్రిందికి దిగునని అతని యాశ. 1852లో ఇద్దఱు విద్యార్థులు బాప్తిస్మము పొందగనే తక్కినవారు బడి మానిరి. నెల్లూరిలో 1840లో అమెరికా బాప్తిస్టులు స్థాపించిన మిషనునకు ఏండ్లు గడచినను చేరినవారు అతిస్వల్పులు. దానిని మూసివేయుదమని అమెరికాలోనివారు ఒకటికంటె ఎక్కువ మాఱులు ఆలోచించిరి. కొరింథులో ఫలించిన పద్ధతి బందరున, నెల్లూరిన ఏల ఫలింపలేదు? కొరింథు వేళ్లు తెగినవారి పట్టణము. మన పట్టణములు అట్టివి కావు. ఎవరి వీథి వారిదే, ఎవరి కులకట్టు వారిదే. ఇది నా యభిప్రాయము.

మాట పల్లెకు పోయినది మఱియొక దారిని. ఒంగోలు సీమలో తాళ్లకొండపాడను గ్రామమున యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థు డుండెను. తోళ్ల వ్యాపారము చేయువాడు. వ్యాపారముపై గోదావరి మండలమువైపు పోయినపుడు అచ్చటి బోధకుల మాటలు విని, 1866లో బాప్తిస్మము పొందెను. అకుల, ప్రిస్కిల్లలవలె నితడును చేతివృత్తితో, వ్యాపారపు బాటవెంట తిరిగినవాడే. ఇతని మాటవలన చుట్టుప్రక్కల పల్లెలలోని బంధువులు గుంపులుగ ఒంగోలునకు రాసాగిరి.

అప్పుడే ఒంగోలున దిగిన అమెరికా మిషనరీ జాను క్లౌ దొరకు చిక్కువచ్చెను. పట్టణమందలి బ్రాహ్మణులు తమ పిల్లలకు బడి పెట్టుమని యడిగి పంపుచుండిరి. ఈ పల్లెవారిని చేర్చుకొన్నచో మా పిల్లలను మాన్పింతుమని వారు స్పష్టముగ చెప్పిరి. పట్టణము కావలెనా, పల్లె కావలెనా? క్లౌ తన జీవితకథలో చెప్పుకొన్న సంగతి యిది: ఆ సందిగ్ధమున అతడు తన గదిలో చేతికందిన బైబిలు తెఱవగా, పౌలు కొరింథువారికి వ్రాసిన మొదటి లేఖలో, మీలో జ్ఞానులును ఘనులును ఎక్కువమంది లేరుగదా యను భావముగల భాగము కంటబడెను. వేఱొక గదిలో అతని భార్యయు బైబిలు తెఱవగా ఆమెకును అదే చోటు వచ్చెను. బడి ఖాళీయయ్యెను, పల్లెలు చేరెను. రేవుకూలీల, విడుదలపొందిన దాసుల పట్టణమునకు వ్రాసిన లేఖ పదునెనిమిది వందల యేండ్ల తరువాత ఒంగోలున తగవు తీర్చెను.

1876–78 కఱవులో క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకమున మూడు మైళ్లకు పైబడిన భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి యిప్పించెను. కూటికొఱకు మతము మాఱిరను మాట రాకుండ కఱవుకాలమున బాప్తిస్మము లీయలేదు. సహాయము ఆగిన పిదప, 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కదినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. పట్టణమున కాదు, ఏటి యొడ్డున.

దీనివలన పల్లెలో ఏమి మాఱెనో మీ తాతముత్తాతలు చూచియేయుందురు. చేరినవారికి క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. మోటబానలు, చెప్పులు, వార్లు కుట్టువారును, జాతరలో డప్పు కొట్టువారును, పశువు చచ్చిన ఈడ్చువారును వారే. అందుకు బదులుగ కళ్లమున వారికి మేర ముట్టును. ఒక్క డప్పు ఆగినచో జాతర నడువదు, ఒక్క ఆదివార మాగినచో కోత యాగును. పెక్కుచోట్ల పెద్దలు కోపించి వారికి మేర ఆపిరి, బావులును దారులును మూసిరి, కొట్టించిరి. అది అన్యాయము. అట్టి సమయమున వారికి పట్టణము పనికివచ్చెను. ఊరిలో తగవు తీర్చువారు ఎదిరిపక్షమున నుండ, పట్టణమున కచేరి యుండెను, అర్జీ వ్రాయువా డుండెను, మాట వినిపించుకొను మిషను బంగళా యుండెను. నూఱేండ్ల చరిత్రలో పట్టణము వారికి చేసిన పెద్ద ఉపకారము ఇదేమో యని నాకు తోచును.

తక్కిన యుపకారములు అందఱును ఎఱిగినవే. అచ్చుకూటములు, ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాలలు, ఆసుపత్రులు పట్టణములలో నెలకొనెను. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లరను వైద్యురాలు 1898లో ఆసుపత్రి తెఱచెను. పల్లెలనుండి బండ్లు కట్టుకొని అన్ని కులముల స్త్రీలును అక్కడికి పోయెడివారు. బాసిలు శాలలకు పదునైదు వందల యేండ్ల తరువాతి చెల్లెలు.

పల్లెకు బిషప్పు తగడని సోఫియా సభ చేసిన తీర్మానమును మన తెలుగునేల యొకవిధముగ త్రోసిపుచ్చెను. 1912 డిసెంబరు 29వ తేదీని ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పుగ వేదనాయగం అజరయ్య అభిషేకము పొందెను. తమిళుడు, తిరునెల్వేలి సీమవాడు. ఆయన పీఠము హైదరాబాదునగాని బెజవాడనగాని పెట్టబడలేదు. నేటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలునందు పెట్టబడెను. సింగరేణి బొగ్గుగనుల సీమకు రైలుదారి చీలు జంక్షను అగుటతప్ప ఆ యూరికి అప్పుడు వేఱు ప్రఖ్యాతి లేదు. అక్కడ 1939లో ప్రతిష్ఠింపబడిన పెద్దగుడిలో గోపురపు పోకడలును, మసీదుల పోకడలును కలిసియున్నవి. అజరయ్య తన కాలములో విశేషభాగము పల్లెలలో సంచరించుటయందే గడపి, 1945 జనవరి 1వ తేదీని డోర్నకలుననే మరణించెను.

ఆ పల్లెలనుండి నేడు రైళ్లు ఎదురుదిక్కున నిండిపోవుచున్నవి. పాలమూరునుండి, ప్రకాశమునుండి, గోదావరి సీమనుండి పనికై పోయినవారు హైదరాబాదు చివరిపేటలలో అద్దెగదులు తీసికొని యున్నారు. అక్కడ ఆదివారమున రేకులషెడ్డులో కూడు సంఘములలో ఒక్క ఊరివారుగాని, ఒక్క కులమువారుగాని ఉండరు. మేస్త్రీయు, ఇంటిపనికి పోవు ఆడుదియు, ఆటో నడుపువాడును ఒకే చాపమీద కూర్చుందురు. వారిలో జబ్బుపడినవాని యొద్ద రాత్రి కాపుండువారును, చచ్చినవానిని ఊరికి చేర్చుటకు చందా పోగుచేయువారును ఆ చాపమీదివారే.